వచ్చే ఏడాది ఈపాటికి అన్నారు, ఆ ఏడాదీ దాటిపోయింది

ప్రశ్న: మాకు పెళ్లయి 8 ఏళ్లు. నా వయసు 33. పిల్లలు లేరు. ఇద్దరం ప్రభువును నమ్ముకున్నవాళ్లమే, ఉపవాస ప్రార్థనలు ఎన్నో చేశాం. రెండేళ్ల కిందట ఒక కూటంలో ఒక దైవజనులు నా తల మీద చేయి ఉంచి, 'వచ్చే ఏడాది ఈపాటికి నీ ఒడిలో బిడ్డ ఉంటుంది' అని ప్రవచనం చెప్పారు. సంఘమంతా ఆమేన్ అంది. ఆ గడువు దాటి ఏడాది అయింది. ఇప్పుడు కొందరు నా విశ్వాసం చాలలేదంటున్నారు. వైద్యుల దగ్గరకు వెళదామంటే మా అత్తగారు 'వాగ్దానం ఉండగా ఆసుపత్రి ఎందుకు, అది దేవుణ్ణి శోధించడమే' అంటారు. మావారు చాలా మంచివారు, నన్ను ఒక్క మాట అనరు. కానీ పరీక్షల మాట ఎత్తితే మౌనంగా ఉండిపోతారు. మొన్న మా తోటికోడలికి బాబు పుట్టాడు. చూసి వచ్చి రాత్రంతా ఏడ్చాను. బైబిలు తెరిస్తే కోపం వస్తోంది. దేవుని సమయం కోసం ఓపికతో కనిపెట్టమని అందరూ చెబుతారు. ఆ ఓపిక ఎలా నేర్చుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. మీరు చెబుతారా?
– పేరు ప్రచురించవద్దు

సమాధానం:

సోదరీ,

ఓపిక గురించి మాట్లాడే ముందు మీ మీద మోపిన ఒక బరువును దించాలి. అది ఉన్నంతకాలం ఎవరు ఏం చెప్పినా మీకు ఎక్కదు. మీ విశ్వాసం చాలక ఆ ప్రవచనం నెరవేరలేదని అన్నవారు తప్పు మాట్లాడారు. వాక్యం ప్రకారమే తప్పు మాట్లాడారు.

ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చివరి వచనం తీసి చూడండి. ఒక ప్రవక్త యెహోవా పేరిట చెప్పిన మాట జరగకపోతే ఏమనుకోవాలో అక్కడ తేటగా ఉంది. అది యెహోవా చెప్పిన మాట కాదు, ఆ ప్రవక్త అహంకారంతో చెప్పాడు, దానికి భయపడవద్దు అని ఉంది. విన్నవారి విశ్వాసం ఎంతో కొలిచి చూడమని లేదు. లెక్క చెప్పవలసినది పలికినవారే. మీ తల మీద చేయి ఉంచిన ఆయన మీ దుఃఖం చూసి కరిగిపోయి అలా అని ఉండవచ్చు. ఆయన హృదయానికి నేను తీర్పు తీర్చను. కానీ మనకు ఎంత జాలి కలిగినా, దేవుని పేరున గడువు పెట్టే అధికారం ఆ జాలి వల్ల రాదు.

'వచ్చే ఏడాది ఈపాటికి' అనే మాట బైబిలులో ఉన్నదే. ఆదికాండము 18వ అధ్యాయంలో అబ్రాహాముతో దేవుడు అన్నాడు. రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయంలో షూనేమీయురాలితో ఎలీషా అన్నాడు. ఆ రెండు ఇళ్లలోనూ ఏడాది తిరిగేసరికి బిడ్డ పుట్టాడు. ఆ ఇద్దరితో చెప్పిన మాటను వేదిక మీద నిలబడి మరొకరికి అప్పగించడం తేలికే. గడువు దాటాక ఆ ఇంట్లో రాత్రులు ఎలా గడుస్తాయో అప్పగించినవారు చూడరు. షూనేమీయురాలు కూడా ఆ మాట వినగానే సంతోషించలేదు, గమనించారా? దైవజనుడా, నాతో అబద్ధమాడవద్దు అంది. లేని ఆశను మళ్లీ లేపితే ఎంత నొప్పో తెలిసినవాళ్లు అనే మాట అది.

పోనీ, విశ్వాసం తక్కువైతే బిడ్డ పుట్టడం ఆగిపోతుందా? అబ్రాహాము భార్య శారా ఆ వాగ్దానం విని తనలో తాను నవ్వుకుంది. ఇస్సాకు పుట్టాడు. జెకర్యా దేవదూత ఎదుట నిలబడి కూడా నమ్మలేకపోయాడు, దానివల్ల మూగవాడయ్యాడు. అయినా యోహాను పుట్టాడు. జెకర్యా కథ ఉన్న లూకా సువార్త మొదటి అధ్యాయంలోనే మరో సంగతి ఉంది. 6వ వచనం జెకర్యా, అతని భార్య ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని, ఆజ్ఞలన్నింటిలో నిరపరాధులుగా నడుచుకున్నారని చెబుతుంది. వెంటనే 7వ వచనం వారికి పిల్లలు లేరని చెబుతుంది. ఆ రెండు వచనాలనూ లూకా పక్కపక్కనే ఉంచాడు. ఈసారి ఎవరైనా మీ విశ్వాసం సంగతి ఎత్తితే ఆ పేజీ తెరిచి చూపించండి, మీరు ఏమీ వాదించనక్కరలేదు.

గడువు పెట్టే ప్రవచనాలు ఏం చేస్తాయో యిర్మీయా ప్రవక్తకు బాగా తెలుసు. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యూదా రాజును, ప్రజల్లో వేలమందిని బబులోనుకు చెరపట్టుకుపోయాడు. కొన్నేళ్లకు హనన్యా అనే ప్రవక్త యెరూషలేము మందిరంలో అందరి ఎదుట నిలబడి, రెండేళ్లలో వారంతా తిరిగి వస్తారని ప్రకటించాడు. యిర్మీయా ముందుగా 'ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక' అన్నాడు. అది నిజమైతే బాగుండునని ఆయనకు మాత్రం ఉండదా? కానీ దేవుడు ఆయనకు తెలియజేసింది 70 ఏళ్లు.

ఆ చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరమే యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయం. మనమందరం కంఠస్థం చేసిన 11వ వచనం, 'సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు' అన్నది, అందులోదే. దాని ముందు వచనంలోనే 70 ఏళ్ల మాట ఉంది. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. ఆ వాగ్దానం వారికీ నిజమే. ఈ రెంటినీ కలిపి చదివితే తప్ప ఆ వచనం లోతు తెలియదని నా నమ్మకం. అదే ఉత్తరంలో ఇంకా పైన ఏముందో చూడండి: ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, మీరున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి. హనన్యా మాట నమ్మినవాళ్లు తోట నాటరు. రెండేళ్లలో వెళ్లిపోయేవాళ్లకు తోట ఎందుకు?

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఆ ప్రవచనం విన్నప్పటి నుంచి మీరు ఏమేం వాయిదా వేశారు? చదువా, ఉద్యోగమా, ప్రయాణమా, సంఘంలో చేయాలనుకున్న ఏదైనా పనా? 'బిడ్డ పుట్టాక చూద్దాం' అని పక్కన పెట్టినవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో ఒకదాన్ని ఇప్పుడే మొదలుపెట్టండి. ఆశ వదిలేసుకోవడానికి కాదు. దేవుడు మీకు ఇచ్చిన ఈ 33వ ఏడు కూడా ఆయన ఇచ్చిన సమయమే కదా.

ఇక ఓపిక. ఎంతకాలమో తెలియకపోయినా, ఆ కాలం ఎవరి చేతిలో ఉందో ఆయనతో మాట్లాడటం మానకుండా, ఈ రోజు మన వంతు పని చేయడమే ఓపిక అని నేను అనుకుంటాను. 'నా కాలగతులు నీ వశములో నున్నవి' అని 31వ కీర్తనలో దావీదు అన్నాడు. ఆ కీర్తనంతా చదవండి. విడిచిపెట్టిన మనుషులు, ఏడ్చి క్షీణించిన కళ్లు, చుట్టూ భయం, అన్నీ అందులో ఉన్నాయి. అంత కలతలోనే ఆ మాట అన్నాడు.

బైబిలు తెరిస్తే కోపం వస్తోందన్నారు. ఆ కోపాన్ని తీసుకునే ఆయన దగ్గరకు వెళ్లండి. దేవుని మీద నమ్మకం పోయినవాళ్లు ఆయనతో పోట్లాడరు, మౌనంగా దూరమవుతారు. 13వ కీర్తన 'యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?' అని మొదలవుతుంది. 88వ కీర్తన అంతకంటే కటువు. చాలా విలాప కీర్తనలు చివరికొచ్చేసరికి స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు. చీకటి మాటతోనే ముగిసిపోతుంది. దాన్ని తీసేయకుండా పరిశుద్ధ గ్రంథంలో ఉంచారంటే, అలా ముగిసే ప్రార్థన కూడా దేవుని ఎదుట చెల్లుతుందనే కదా. కొన్నాళ్లపాటు స్తుతి గీతం నోటికి రాకపోతే బలవంతం చేసుకోకండి. 88వ కీర్తనను మీ ప్రార్థనగా బయటికి చదవండి.

పిల్లలు లేక ఏడ్చిన హన్నా కథ మీకు చాలామంది చెప్పే ఉంటారు. దానిలో సాధారణంగా ఎవరూ ఆగని చోట నేను ఆగుతాను. షిలోహులో ఆమె బహుదుఃఖంతో ఏడుస్తూ ప్రార్థిస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. దేవుని మందిరంలో ఉన్న పెద్దవారే ఒక స్త్రీ వేదనను తప్పుగా చదవగలరని లేఖనమే ఒప్పుకుంటోంది. ఆమె తన సంగతి చెప్పుకుంది, ఆయన సమాధానంగా వెళ్లమన్నాడు. ఆమె వెళ్లి భోజనం చేసింది, ఆ తర్వాత ఆమె ముఖాన దుఃఖం కనిపించలేదని సమూయేలు మొదటి గ్రంథము 1వ అధ్యాయం 18వ వచనం చెబుతుంది. అప్పటికి ఆమె కొడుకు సమూయేలు కడుపున పడలేదు. పుడతాడన్న నిశ్చయం కూడా లేదు. హన్నా తన మనసునంతా దేవుని సన్నిధిలో కుమ్మరించింది, దాచుకోవడానికి ఏమీ మిగలలేదు. మీరు అడిగిన ఓపిక ఇక్కడే మొదలవుతుంది. లోపల దాచిపెట్టి పైకి చిరునవ్వు తెచ్చుకుంటే అది రాదు. ఒక్క ప్రార్థనతో మీకూ అలా తేలికపడుతుందని నేను అనను. ఆమె ఏటేటా అక్కడికి వెళ్లి ఏడ్చింది, ఆ ఒక్క రోజే కాదు.

ఇప్పుడు మన వంతు పని సంగతి. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఓపికకు ఒక రైతును చూపిస్తుంది. తొలకరి వర్షం, కడవరి వర్షం పడేవరకు అతను కనిపెట్టుకుని ఉంటాడు. కానీ దున్నిన, విత్తనం వేసిన రైతు గురించే ఆ మాట. వాన అతని చేతిలో లేదు, నాగలి ఉంది. మీ విషయంలో ఆ నాగలి వైద్యపరీక్ష.

మీ అత్తగారు దేవుణ్ణి శోధించడం అన్నారు. ఆ సంగతి మత్తయి 4వ అధ్యాయంలోనే వస్తుంది. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని సాతాను వచనం చూపించి మరీ అన్నప్పుడు, ప్రభువు శోధించవద్దని జవాబిచ్చాడు. మెట్లు ఉండగా దూకడం శోధించడం. వైద్యం అందుబాటులో ఉండగా కాదనడం దేనికి దగ్గరగా ఉందో ఆలోచించండి. అలాగని ఆమెతో వాదించవద్దు, పెద్దామె, ఆమె భక్తి నిజమైనదే. రాజులు రెండవ గ్రంథము 20వ అధ్యాయం ఆమెతో కలిసి చదవండి. యూదా రాజు హిజ్కియా మరణకరమైన రోగంతో ఉన్నాడు. నిన్ను బాగుచేస్తాను, నీకు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తాను అని దేవుడే యెషయా ప్రవక్త ద్వారా చెప్పాడు. అంత స్పష్టమైన వాగ్దానం తర్వాత కూడా, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమని యెషయా చెప్పాడు. వాగ్దానమూ మందూ ఒకే ప్రవక్త నోట వచ్చాయి. పౌలు ప్రియుడని పిలిచిన లూకా వైద్యుడే.

వైద్యం విషయంలో సూటిగా చెబుతాను. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే వైద్యులను కలవాలి. భార్య వయసు 35 లేదా అంతకంటే ఎక్కువైతే ఆరు నెలలకే కలవాలి. మీకు 8 ఏళ్లు గడిచాయి. స్త్రీకి అండాలన్నీ పుట్టుకతోనే ఉంటాయి, వయసుతో పాటు వాటి సంఖ్యా నాణ్యతా తగ్గుతాయి, 35 దాటాక ఆ తగ్గుదల మరింత వేగంగా ఉంటుంది. కాబట్టి ఇంకో ఏడాది చూద్దామనడం మీ విషయంలో ఓపిక అనిపించుకోదు. థైరాయిడ్ సమస్య, అండం సక్రమంగా విడుదల కాకపోవడం, గర్భాశయ నాళాలు మూసుకుపోవడం, వీర్యకణాలు తక్కువగా ఉండటం లాంటివి పరీక్షల్లో బయటపడతాయి. వీటిలో కొన్ని మాత్రలతోనే సర్దుకుంటాయి. మీరు ఒంటరివారు కూడా కారు. ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఏదో ఒక దశలో సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

మీవారు ఈ ఉత్తరం చదువుతారనే ఆశతో ఆయనకు కూడా ఒక మాట. తమ్ముడూ, పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో కారణం పూర్తిగానో కొంతవరకో పురుషుడి వైపు ఉంటుంది. మీకు చేసే మొదటి పరీక్ష, వీర్యపరీక్ష, చాలా సులువు, నొప్పి ఉండదు. ఆమెకు చేసేవి అంత సులువు కాదు. మీ పరీక్ష ముందే అయితే ఆమెకు కొన్ని తప్పిపోవచ్చు కూడా. మీ మౌనం వెనుక భయం ఉందని అర్థమవుతోంది. ఇస్సాకు 40 ఏళ్లకు రిబ్కాను పెళ్లాడాడు, 60 ఏళ్లకు తండ్రి అయ్యాడు. ఆ 20 ఏళ్ల గురించి ఆదికాండము చెప్పిన సంగతి ఒక్కటే: అతను తన భార్య విషయమై యెహోవాను వేడుకున్నాడు. దాన్ని ఆమె సమస్యగా వదిలేయలేదు. పిల్లలు లేరని భార్య రాహేలు మొరపెట్టుకున్నప్పుడు యాకోబు కోపపడ్డాడు. మీరు కోపపడే మనిషి కారని మీ భార్యే రాశారు. అలాగే ఆమెతో కలిసి ఆసుపత్రికి కూడా వెళ్లండి.

వైద్యం మొదలుపెట్టే ముందే ఎంతవరకు వెళ్లాలో మీరిద్దరూ మాట్లాడుకోండి. ఐవీఎఫ్ దాకా, అంటే శరీరం బయట ప్రయోగశాలలో పిండాన్ని తయారుచేసి గర్భంలో ఉంచే పద్ధతి దాకా వస్తే, కథోలిక సంఘం దాన్ని అంగీకరించదు. ఇతర సంఘాల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఎన్ని పిండాలు తయారుచేస్తారు, మిగిలినవాటిని ఏం చేస్తారు అన్నది మీ మనస్సాక్షికి సంబంధించిన విషయం కనుక వైద్యులను ముందే అడిగి తెలుసుకోండి.

ఇంతవరకు రాసి, అసలు కష్టమైన చోట తప్పుకుంటే అది మీకు అన్యాయం. మీకు బిడ్డ పుడతాడని నేను చెప్పలేను. పుట్టడని కూడా చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. శారా, రిబ్కా, రాహేలు, హన్నా, ఎలీసబెతు, అందరికీ పుట్టారు కదా, నాకెందుకు కాదు అని మీకు అనిపించే ఉంటుంది. ఇస్సాకు, యాకోబు, యోసేపు, సమూయేలు, యోహాను పుట్టుక దేవుని రక్షణ కార్యంలో ఒక్కో మలుపు. అందుకే ఆ కథలు రాశారు. కనిపెట్టిన ప్రతి ఇంటా ఊయల ఊగుతుందని అవి హామీ ఇవ్వవు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. 'నా కృప నీకు చాలును' అన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా?

దేవుని సమయం అని మనం అన్నప్పుడు, కోరింది తప్పకుండా వస్తుంది, కాస్త ఆలస్యమవుతుంది అంతే అన్న అర్థంలోనే ఎక్కువగా అంటాం. లేఖనం అంత తేలిక మాట చెప్పలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం అబ్రాహామునూ శారానూ పేర్కొని, వీరందరూ వాగ్దానాల ఫలం అనుభవించకుండానే, దూరం నుంచి చూసి వందనం చేసి, విశ్వాసంతో మృతి పొందారని చెబుతుంది. నేను ఈ అధ్యాయాన్ని నిరాశ కోసం చూపించడం లేదు. ఆశ పెట్టుకోండి, అడుగుతూనే ఉండండి. విధవరాలు న్యాయాధిపతిని విడువకుండా అడిగినట్లు అడగమని ప్రభువే నేర్పించాడు. కానీ బిడ్డ పుడితేనే దేవుడు మీ మొర విన్నట్టని పందెం వేసుకోవద్దు. యెషయా 56వ అధ్యాయంలో, సంతానం కలగని నపుంసకులకు తన ఇంటిలో కొడుకులు కూతుళ్ల కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానని దేవుడు అన్నాడు. పిల్లల వల్లనే పేరు నిలుస్తుందనుకున్న కాలంలో అన్నాడు. ఈ రోజు వైద్యుడు ఏం చెప్పినా ఆయన ఇంటిలో మీ చోటు మారదు.

తోటికోడలి బాబును చూసి వచ్చి ఏడ్చినందుకు మీరు నేరం చేసినట్లు రాశారు. మీరు వెళ్లారు, బిడ్డను చూశారు, ఆ తర్వాత ఇంట్లో ఏడ్చారు. రోమా పత్రిక 12వ అధ్యాయం సంతోషించేవారితో సంతోషించమంటుంది, ఏడ్చేవారితో ఏడ్వమంటుంది. అందులో మొదటి సగం కన్నీళ్లు ఆపుకుని మీరు నెరవేర్చారు. రెండో సగం మీ సంఘం మీకు బాకీ పడింది. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. కాబట్టి మున్ముందు మేలు జరగబోతున్నా ఈ రోజు ఏడవడం అవిశ్వాసం కాదు. అప్పుడప్పుడు ఇలాంటి వేడుకలకు వెళ్లలేకపోతే వెళ్లకండి. మీ తోటికోడలు సున్నితమైన మనిషైతే ఆమెకు ఒక్క మాట చెప్పి ఉంచండి: నీ బాబంటే నాకు ఇష్టమే, కానీ కొన్ని రోజులు నాకు కష్టంగా ఉంటాయి అని.

సంఘంలో మీకంటే పెద్దది, నోరు జారని స్త్రీ ఒకరు ఉంటే చూసుకోండి. ఆమెతో ముందే అనండి: నాకు వచనం చెప్పవద్దు, గడువు చెప్పవద్దు, నేను మాట్లాడేది విని నాతో ప్రార్థన చేయండి చాలు అని. పరీక్షలకు వెళ్లే రోజు ఆమెకు తెలియజేయండి. ఫలితాలు తెచ్చుకునే రోజు మరీ ముఖ్యం, ఆ సాయంత్రం ఆమెను ఇంటికి రమ్మనండి.